హాల్లో టీవీ మీద గీత

దిండు మాత్రం ఇవ్వనంటే ఇవ్వనని అత్తగారు భీష్మించుకు కూర్చున్నారు. కారు తీసుకుపొమ్మను, తాళాలు తీసుకుపొమ్మను, డిక్కీలో పడున్న గొడుగూ టార్చిలైటూ తుడిచే గుడ్డలూ అన్నీ తీసుకుపొమ్మను, డ్రైవరు సీటు మీది దిండు మాత్రం కదలడానికి వీల్లేదు. కాఫీలప్పుడు మొదలైన వాదన, గ్లాసులు కడిగి బోర్లించాక కూడా సాగుతూనే ఉంది.

"ఆ దిండేం చేసుకుంటావమ్మా? దూది బయటికొచ్చి ఏడుస్తోంది," అన్నాడు కొడుకు.

"వీపు కింద పెట్టుకుంటా. నెత్తిన పెట్టుకుంటా. నీకెందుకు?"

"చెల్లాయి కూడా పొట్టిదే కదా, దానికి పనికొస్తుందనీ..."

"పొట్టిదైతే దాని దిండు అదే కుట్టించుకుంటుంది. కారిచ్చేస్తున్నాను కదరా, కూర్చునే ఎత్తు కూడా ఇచ్చెయ్యాలా?"

"నానమ్మ చెప్పింది కరెక్టే నాన్నా," అంది మనవరాలు ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

"నువ్వు నోర్ముయ్ బుడ్డీ."

"బుడ్డీ అనొద్దన్నానా! కాలేజీకెళ్తున్నా నేను."

అతను విసిగిపోయి పక్కగది వైపు గొంతు పెంచాడు. "ఏమోయ్, నువ్వైనా చెప్పు. నీ మాటైతే వింటుంది. కళ్ళ సంగతి కూడా నువ్వు గట్టిగా చెప్పబట్టే కదా దారికొచ్చింది!"

పక్కగదిలో కంప్యూటరు ముందు కూర్చున్న కోడలు వీడియో ఆపింది. "పోనిద్దురూ, దిండేగా," అంది. ఆ గొంతు ఆమెకే ఎవరిదోలా వినబడింది.

"చూశావా, కోడలికున్న బుద్ధి కొడుక్కి లేదు," అన్నారు అత్తగారు.

కాసేపటికి ఇల్లు ఖాళీ అయింది. భర్త కారు కాగితాలు జిరాక్సు తీయించడానికి వెళ్ళాడు. ఇంకో గంటలో ఆడపడుచు వస్తుంది, కారు నడుపుకుంటూ తీసుకుపోతుంది. ఇచ్చే వస్తువు మురికిగా ఇస్తే పరువేం కానంటూ అత్తగారు బకెట్టూ గుడ్డలూ మనవరాలి చేత పట్టించి తానూ కిందికి బయల్దేరారు. ఆ దిగడం కోడలికి గదిలోకి వినిపిస్తూనే ఉంది. ఒక అడుగు, ఆగడం, పాదంతో మెట్టు అంచు తడమడం, ఇంకో అడుగు. మొన్నమొన్నటిదాకా ఆ మెట్లు ఆవిడ తాళాలు వేలికి తిప్పుకుంటూ గలగలమని దిగేవారు, డెబ్భై దాటిన మనిషని ఎవరూ అనుకునేవారు కాదు, పక్కవాటా పెద్దాయన ఎదురైతే "కాస్త చూసుకు దిగండమ్మా" అనేవాడు, "చూసుకోవడం నేర్పడమే కదండీ నా ఉద్యోగం" అని ఈవిడ దాటిపోయేవారు. నిజమే, ఇరవైయేళ్ళపైన డ్రైవింగ్ స్కూల్లో పనిచేసి ఈ చుట్టుపక్కల సగంమంది ఆడవాళ్ళకి స్టీరింగు పట్టడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు మెట్టు అంచు తడుముకుంటున్నారు. తడుముకునేలా చేసింది ఎవరు? ఆమె ఆ ప్రశ్నని మధ్యలోనే కోసేసి, పనిలో పడదామని ప్లే నొక్కింది. భూమి పొరల గురించి చెబుతున్న పంతులుగారు తెర మీద కదిలి, "సరేనా పిల్లలూ" అన్నాడు. పిల్లల పాఠాల వీడియోలకి కింద అక్షరాలు వెయ్యడం ఆమె పని. పంతులుగారి పెదవి కదిలిన క్షణానికే అక్షరం పడాలి, వెంట్రుకవాసి ముందైనా, వెనకైనా, పని ఇచ్చినవాళ్ళు ఊరుకోరు. ఈ పంతులు మాటకి ముందొక సరేనా, వెనకొక సరేనా. సరేనా, సరేనా. ఏం సరే? ఏదీ సరిగా లేదు. ఆమె వీడియో ఆపింది. నోరు తెరిచి చేయి చాపి అలాగే నిలబడిపోయాడాయన, ఏదో అడగబోయి మర్యాదకి ఆగిపోయినట్టు.

తెర మూలలో ఆ చిన్న కిటికీ నిన్నటినుంచీ తెరిచే ఉంది. తెరకి బొమ్మలందించే గ్రాఫిక్స్ డ్రైవరు సెట్టింగులు, అందులో వీడియో ప్లేబ్యాక్. వెలుగు తగ్గించడానికీ పెంచడానికీ ఒక గీత మీద చిన్న గుండీ, రంగు చిక్కదనానికి ఇంకోటి, దాని కింద ఒక టిక్కు పెట్టె, దాని కింద రెండు చిన్న సున్నాలు. ఒక సున్నా పక్కన ఈ గదిలోని మానిటర్ పేరు, ఇంకో సున్నా పక్కన హాల్లోని టీవీ పేరు. గోడలో చిల్లు పెట్టి వైరు లాగి ఈ కంప్యూటరునే హాల్లో టీవీకి కూడా తగిలించింది ఆమే, అప్పట్లో ఎంత గర్వం, ఒక పెట్టె రెండు తెరలు అని, హాల్లో చూసేదంతా ఇందులోంచే. బొమ్మ అంటే ఒక్కసారిగా పడేది కాదు, ముగ్గు వేసినట్టు పైనుంచి కిందికి గీసుకుంటూ పోతుంది తెర, క్షణానికి ఎన్నోసార్లు, అది గీయడం పూర్తయ్యేదాకా డ్రైవరు ఆగి, అప్పుడు తరవాతి బొమ్మ చేతికివ్వాలి. ఆగకపోతే పైసగం పాత బొమ్మ, కిందిసగం కొత్త బొమ్మ, రెండూ అతికిన చోట అడ్డంగా ఒక గీత. మనిషి కదిలితే మెడ దగ్గర తెగి భుజాలు ఒకవైపు, తల ఒకవైపు. తెర ఒకటైతే ఏ గొడవా లేదు. ఒక్కో తెరది ఒక్కో నడక, డ్రైవరేమో ఒక్కదాని కోసమే ఆగగలదు, ఎవరి కోసం ఆగాలో మనమే చెప్పాలి, అందుకే ఆ రెండు సున్నాలు. ఎంచుకున్నదాంట్లో పడే చుక్క ఈ గది సున్నాలో ఉంది. పెట్టింది ఆమే. పనికోసం. పని అనగానే ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడరు కనక, ఆమె కూడా తనతో తాను ఇన్నాళ్ళూ మాట్లాడలేదు.

అసలు ఈ లైనక్స్ గోల ఎందుకు, అందరిలా షాపులో అమ్మేది తెచ్చుకుని మీట నొక్కితే పోదా, అన్నాడు భర్త అప్పట్లో. డబ్బివ్వకుండా దొరికే అదే పాత పెట్టెకి ప్రాణం పోస్తుందని ఆమె పట్టుబట్టింది. వంటింట్లో కుక్కరు మీద ఒక చెవి వేసి, ఎవరెవరో ఎక్కడెక్కడినుంచో రాసిన సలహాలు చదువుకుంటూ, నల్లటి తెర మీద ఒక్కో వరసా తప్పులు లేకుండా కొట్టుకుంటూ, శబ్దం వస్తే బొమ్మ రాదు, బొమ్మ వస్తే శబ్దం రాదు, చివరికి రెండూ వచ్చిన మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు, ఆనందం చెప్పుకోవడానికి గోడలున్నాయి. నలభై దాటాక ఒక మనిషి తనంతట తాను నేర్చుకున్న పని అది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పక్కన కూర్చోలేదు. కానీ ఆ రోజునుంచీ ఇంట్లో ఏ తీగ పాడైనా, చివరికి నీళ్ళ మోటారు మొరాయించినా, భర్త నవ్వుతూ "మా ఆవిడగారి ఉచిత సరుకేమో చూడండి" అనేవాడు. ఊరికే సరదాకి. సరదాకే అని ఆమెకీ తెలుసు. అయినా ఆ సరదా తగిలి తగిలి ఒకచోట కాయ కాసింది, ఎవరు కంప్యూటరు అనబోయినా ఆ మాట పూర్తికాకముందే "దాంట్లో ఏం లేదు, బానే ఉంది" అని నోరు దానంతటది అనేసేది. చెయ్యి వేడిగిన్నె మీంచి వెనక్కి వచ్చినట్టు. ఆలోచించి అనలేదు. ఆ సాయంత్రం కూడా ఆలోచించి అనలేదు, ఒట్టు. ఎవరికి ఒట్టు? పంతులుగారికా?

ఆ సాయంత్రం అత్తగారు హాల్లో ఏదో పరుగు పందేలు చూస్తున్నారు. ఆవిడకి వేగంగా పోయేవన్నీ ఇష్టం. ఇంట్లో టీవీ ముందు కూర్చునేది ఆవిడొక్కరే, మిగతావాళ్ళకి ఫోన్లున్నాయి. "అమ్మాయ్, వీళ్ళ మధ్యలోంచి ఏదో గీత పోతోందేమిటి? పరిగెత్తేవాళ్ళ నడుములు విరిగిపోతున్నాయి." ఆమె ఈ గదిలో తల నొప్పితో, రాత్రికల్లా పంపాల్సిన పాఠం ముందు కూర్చుని ఉంది. అప్పటికి వారం కిందటే ఆ చుక్క టీవీ సున్నాలోంచి తీసి ఇటు పెట్టింది, అక్షరాలు ఆలస్యంగా పడుతున్నాయని, అటు ఏమవుతుందో చూసుకోనే లేదు. హాల్లోకి వచ్చి చూస్తే నాలుగడుగులు. ఆ నాలుగడుగులు వెయ్యలేదు. కూర్చున్న చోటినుంచే, "దాంట్లో ఏం లేదత్తయ్యా, బానే ఉంది. మీ కళ్ళేమో, ఒకసారి చూపించుకోండి," అంది. అంతే మాట. మనుషులు రోజుకి అలాంటివి వంద అంటారు, వంద గాల్లో కలిసిపోతాయి, ఒక్కోటి మాత్రం వెళ్ళి ఎవరి లోపలో కూర్చుంటుంది. మర్నాడు అత్తగారు ఒక కన్ను చేత్తో మూసుకుని, ఇంకో కంటితో గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. తరవాత రెండో కన్ను. ఆ నిలబడడం ఆమె వంటింట్లోంచి చూసింది, చూసి, పెద్దవాళ్ళకి మామూలేలే అనుకుని పోపు మాడుతుంటే అటు తిరిగింది.

కంటి డాక్టరు చుక్కలు వేసి, దీపం పట్టి, పైకి చూడమని కిందికి చూడమని, చివరికి ఈ వయసుకి ఉండేదే తప్ప ప్రత్యేకంగా ఏమీ కనబడటం లేదన్నాడు. కనబడటం లేదు కనక లేదని కాదు, జాగ్రత్త మంచిది, ఇంకా కారు నడపడమెందుకమ్మా, అన్నాడు నవ్వుతూ. ఆ ఆఖరి మాట ఒక్కటే ఇంటికొచ్చింది. "గీత కదిలే మనుషుల మీదే వస్తోంది, కూర్చున్నవాళ్ళ మీద రావడం లేదు" అని అత్తగారు అంత సరిగ్గా చెబితే ఆయన రాసుకున్నాడట, ఏమని రాసుకున్నాడో. తరవాతి వారం ఆవిడకి మెట్ల మీద గీతలు కనబడ్డాయి. ఆ తరవాత రోడ్డు దాటేవాళ్ళ మీద. ఒకరోజు కూడలిలో, అడ్డం ఏమీ లేకుండానే, సడన్ బ్రేకు వేసి కారాపి, వెనకవాళ్ళు హారన్లు మోగిస్తుంటే స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అలా ఉండిపోయారని బుడ్డి వచ్చి చెప్పింది. ఆ సాయంత్రం తాళాలు తెచ్చి కొడుకు ముందు బల్ల మీద పెట్టారు. ఎవరూ అడగలేదు. "ఎవరి ప్రాణమో తీసేదాకా ఎందుకురా," అన్నారు. తన శిష్యురాళ్ళకి ఆవిడ మొదటిరోజే చెప్పే మాటొకటుంది, కంటికి కనబడినదాన్ని నమ్ము, పక్కవాడు చెప్పినదాన్ని కాదు, అని. ఆవిడ తన కన్నుని వదిలేసి పక్కవాళ్ళ మాట నమ్మారు జీవితంలో మొదటిసారి, ఆ పక్కవాళ్ళు తను.

అప్పటికీ తనకి తెలీదు. అది నిజం. అక్కడిదాకా వస్తే ఆమె తనని తాను క్షమించగలదు, ప్రతిసారీ అక్కడిదాకా వచ్చి ఆగుదామనే చూస్తుంది, మనసు ఆగదు, డ్రైవరు లేని బండిలా పల్లంలోకి పోతుంది. ఆ తరవాతి ఆదివారం హాల్లో దుమ్ము తుడుస్తూ టీవీ పెట్టుకుంది. ఎవరో అమ్మాయి వంతెన మీద నడుస్తోంది. మెడ దగ్గర ఆ గీత. గుడ్డ చేతిలోనే ఉంది. నిమిషం కూడా పట్టలేదు అర్థం కావడానికి, అర్థమైన వెంటనే, ఎంత వెంటనే, ఎవరైనా చూశారా అని వెనక్కి తిరిగి చూసింది. అదీ మొదట చేసిన పని. అత్తయ్యా అని పిలవడం కాదు. వెనక్కి తిరిగి చూడడం, టీవీ కట్టెయ్యడం. అంతకు ముందు రోజే అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పబట్టి సరిపోయింది అమ్మాయ్, కన్నకూతురు కూడా కనిపెట్టలేదు," అన్నారు. ఆ చెయ్యి ఎండిపోయి, పొడిగా, గేరు పట్టి కాసిన కాయలింకా తగులుతూ. కన్నకూతురు కూడా కనిపెట్టలేదు! ఆ మాట ఎంత తియ్యగా ఉంది! ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోట అలాంటి మాట అదే, దాన్ని తిరిగి ఎలా ఇచ్చెయ్యడం?

ఎవరికీ తెలీకుండా సరిచేసేస్తే పోలా అనుకుంది. చుక్క తీసి టీవీ సున్నాలో పెట్టేస్తే గీత పోతుంది, అత్తయ్య సాయంత్రం చూసి, అరె తగ్గిందే అంటారు, చుక్కల మందు పనిచేసిందంటే పనిచేసిందంటాం, మందుకి పేరొస్తుంది, ఎవరికీ నష్టం లేదు. అలాగే చేసింది. చేసి, సాయంత్రం పరుగు పందేలు పెట్టి, "రండి అత్తయ్యా" అని కూడా పిలిచింది. ఆవిడ తన గది గుమ్మం దాకా వచ్చి, తెర వైపు చూడకుండా, "వద్దమ్మా, అది చూస్తే నాకు భయమేస్తోంది," అని వెనక్కి వెళ్ళిపోయారు. మర్నాడూ అంతే. అటువైపు ముఖం పెట్టనే లేదు. చక్కగా, ఒక్క గీతైనా లేకుండా, ఖాళీ సోఫా ముందు ఎవరెవరో పరిగెత్తారు వారం రోజులు. ఈ గదిలో మాత్రం పంతులుగారి పెదవులు అక్షరాల కంటే ముందు కదిలి, పని తిరిగొచ్చింది, ఒకసారి, రెండోసారి. అప్పుడామె చేసిన పని. ఎవరూ చూడని టీవీ కోసం నా పని పాడు చేసుకోవడం ఎందుకని చుక్క మళ్ళీ ఇటు మార్చేసింది. పొరపాటున కాదు, తల నొప్పితో కాదు, తెలిసి, పగటిపూట, కాఫీ తాగుతూ.

ఇంకా కింద ఇంకోటి ఉంది. దాన్ని ముట్టుకోకుండా ఉంటే బాగుండును. పెళ్ళైన కొత్తలో అత్తగారు ఆమెకి కూడా కారు నేర్పాలని చూశారు. మొదటిరోజే బ్రేకనుకుని పక్కది తొక్కి గేటు స్తంభాన్ని గుద్దేసింది. దెబ్బలేం తగల్లేదు. అత్తగారు నవ్వారు, కోపం తెచ్చుకోలేదు, పగలబడి నవ్వారు, ఆ నవ్వే, తరవాత ఎవరొచ్చినా, "మా కోడలికి గేటు తీసి వెళ్ళాలని తెలీదు" అని మొదలుపెట్టేవారు, చుట్టాలకి, పాలవాడికి, చివరికి బుడ్డికి నిద్రపోయేముందు కథలా. అందరూ నవ్వేవారు, తనూ నవ్వేది. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు, ఎక్కడికి వెళ్ళాలన్నా వెనకసీట్లో కూర్చుని వెళ్ళేది. మరి తాళాలు బల్ల మీద పడ్డ సాయంత్రం, అందరూ గతుక్కుమన్నప్పుడు, తన లోపల ఎక్కడో మూల ఒక చిన్న కదలిక. జాలి కాదు. భయం కాదు. ఇప్పుడు మీరూ వెనకసీటే. అలా మాటల్లో అనుకోలేదు, కానీ అది సంతోషమే, దానికి ఇంకో పేరు లేదు, చీమంతే ఉండచ్చు, కానీ తను చూసింది దాన్ని. సిగ్గుతో ఆమె కళ్ళు మూసుకుంది. మూసుకుంటే ముఖం ఇంకా మండింది. ఎవరైనా చూస్తే సిగ్గు ఒకలా ఉంటుంది, అక్కడినుంచి లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ చూడనప్పుడు ఎక్కడికి వెళ్ళాలి?

కిందనుంచి నీళ్ళ చప్పుడు. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, వెళ్ళడం కూడా పిల్లిలా. బుడ్డి ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి చక్రాల మీద నీళ్ళు కొడుతోంది. అత్తగారు డ్రైవరు వైపు తలుపుని గుడ్డతో తుడుస్తున్నారు, గుర్రాన్ని నిమిరినట్టు, పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి. ఒకచోట చెయ్యి ఆగింది. వంగి చూశారు. కళ్ళద్దాలు తీసి చూశారు. పెట్టుకుని చూశారు. వేలితో తాకబోయి, తాకకుండా వెనక్కి తీసుకున్నారు. తాకితే తెలిసిపోతుంది కదా, అయినా తాకలేదు.

"బుడ్డీ, ఇలా రా."

"ఏంటి నానమ్మా?"

"ఇక్కడేదో గీతలా ఉంది. తలుపు మీదుందా, నా కంట్లో ఉందా? నిజం చెప్పు, నేనేమీ అనుకోను."

పిల్ల వంగి చూసింది. "తలుపు మీదే నానమ్మా. ఎవడో గీకాడు వెధవ."

"నిజంగా ఉందా?"

"ఉందంటున్నా కదా, చూడు," అని అత్తగారి వేలు పట్టుకుని దానిమీద రాసింది.

అత్తగారు నవ్వారు. "హమ్మయ్య," అన్నారు, తడిగుడ్డతో ముఖం తుడుచుకున్నారు. ఎవడో పుణ్యాత్ముడు తనకిష్టమైన కారుని గీకినందుకు ఒక మనిషి సంతోషంతో ఊపిరి పీల్చుకుంటోంది. ఆ నవ్వు ఆ పాత నవ్వు కాదు, బిగ్గరగా లేదు, బతిమాలుకున్నట్టుంది. పై కిటికీలో ఆమె గ్రిల్లు పట్టుకుని నిలబడిపోయింది. ఇంత పెద్ద మనిషి, రోడ్డంతా తనదే అన్నట్టు తిరిగిన మనిషి, కాలేజీ పిల్లని అడుగుతోంది, నా కళ్ళెదురుగా ఉన్నది ఉందా అని. అత్తయ్యా అని ఇక్కడినుంచే కేకెయ్యచ్చు. చెబితే ఏమవుతుంది? భర్త ఆ ఉచిత సరుకు మాట ఇక సరదాకి అనడు. ఆడపడుచు ఊరంతా చెబుతుంది. బుడ్డి చూసే చూపు మారుతుంది, అదొక్కటే నిజంగా భయం. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. కారు వెళ్ళిపోతుంది, దిండు ఇంట్లో ఉండిపోతుంది, ఆవిడ రోజుకి కొంచెం చొప్పున గోడ పట్టుకుని నడవడం నేర్చుకుంటారు, తను చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, మంచి కోడలని అందరూ అంటారు. అంటూనే ఉంటారు. మంచి కోడలు.

వీధి మలుపులో ఆటో ఆగింది. ఆడపడుచు దిగింది, అప్పుడే వచ్చిన అన్నగారితో ఏదో అంటూ నవ్వుతూ, "అబ్బో, నా కారుకి తలంటు పోస్తున్నారే!" అని అరుస్తూ. ఇక మెట్ల మీద అందరి అడుగులూ కలిసిపోయి పైకి వస్తున్నాయి, వాటి మధ్య ఆగి ఆగి ఆ ఒక్క జత. ఆమె హాల్లోకి వెళ్ళి టీవీ పెట్టింది. పరుగు పందెం. శబ్దం తీసేసింది. తలుపు తెరుచుకుంది.

"వదినా, కాస్త టీ పడెయ్, ఎండలో చచ్చాను..."

"ఒక్క నిమిషం. అందరూ ఇది చూడండి," అంది ఆమె. "అత్తయ్యా, మీరూ. ఈ ఒక్కసారి."

అత్తగారు ముఖం పక్కకి తిప్పుకుని, తరవాత, గుడ్డ రెండు చేతులా పట్టుకుని చూశారు. తెర మీద నల్ల నిక్కరు మనిషి పరిగెడుతున్నాడు, నడుం దగ్గర తెగి, అతుక్కుని, తెగి.

"అదిగో," అన్నారు మెల్లిగా. "ఉందమ్మా. నాకు ఇంకా ఉంది."

"నాక్కూడా ఉంది కదా!" అంది బుడ్డి. "నాన్నా, నీకు? ఛీ, ఇంత ఘోరంగా ఉందేంటి?"

"అవును, ఏదో అడ్డంగా..." భర్త ముందుకి వంగాడు. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

ఆమె గదిలోకి వెళ్ళింది. చుక్క ఒక సున్నాలోంచి తీసి ఇంకో సున్నాలో పెట్టింది, వీడియో మూసి మళ్ళీ తెరిచింది. ఇంత చిన్న పని. తిరిగి వచ్చేసరికి నల్ల నిక్కరు మనిషి నిండుగా, ఎక్కడా తెగకుండా, మలుపు తిరుగుతున్నాడు.

"అది మీ కళ్ళల్లో ఎప్పుడూ లేదత్తయ్యా," అంది ఆమె, నేల వైపు చూస్తూ. "నా పనికోసం నేను మార్చుకున్న సెట్టింగులో ఉంది. మొదటిరోజు నాకు తెలీదు, చూడకుండానే అనేశాను. తరవాత తెలిసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక, తాళాలు ఇచ్చేశాక. తెలిసి కూడా చెప్పలేదు."

"తెలిసి కూడానా?" భర్త చేతిలో జిరాక్సు కాగితాలు అలాగే ఉన్నాయి. "ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ."

"అదేంటి వదినా..." అంది ఆడపడుచు. బుడ్డి తల్లి వైపు ఒకసారి చూసి చూపు తిప్పేసుకుంది. ఆ చూపుకే కదా ఇంతసేపూ భయపడింది. వచ్చేసింది. అయినా తను నిలబడే ఉంది ఇంకా.

అత్తగారు సోఫా అంచున కూర్చున్నారు. "మరి మెట్ల మీద కూడా కనబడిందే నాకు? రోడ్డు మీద?"

"అది భయం వల్ల అయ్యుంటుంది అత్తయ్యా, నేను అన్న మాట వల్ల..."

"అయ్యుంటుంది," అన్నారావిడ. "భయమో, కన్నో, అది నీకెలా తెలుసు? నువ్వే డాక్టరువి, నువ్వే డ్రైవరువి, అన్నీ నువ్వే." అరవలేదు. అరిస్తే ఎంత బాగుండేది. టీవీలో పందెం అయిపోయి మనుషులు నడుముల మీద చేతులు వేసుకుని ఆయాసపడుతున్నారు. ఆవిడ వాళ్ళ వైపే చూశారు చాలాసేపు, ఒక్కొక్కరినీ, లెక్క చూసుకుంటున్నట్టు. తరవాత గుడ్డ మడిచి పక్కన పెట్టి, అందరికీ వినబడేలా, మామూలు గొంతుతో చెప్పారు.

"కారు ఎక్కడికీ పోదు. నువ్వేం అనుకోకు అమ్మా, టీ తాగి ఆటోలోనే వెళ్ళు. రేపు పొద్దున నేనే బయటికి తీస్తాను. ఈ కోడలు నా పక్కసీట్లో కూర్చుంటుంది. నాకు రోడ్డు మీద ఏదైనా కనబడితే ఉందా లేదా అని అడుగుతా. ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి. నాకు కుదిరేదాకా రోజూ."

"దాని మాట మళ్ళీ ఎలా నమ్ముతావమ్మా?" అన్నాడు కొడుకు.

"నమ్మడం లేదురా. అందుకే పక్కన కూర్చోబెట్టుకుంటున్నా. ఎదురుగా లారీ వస్తుంటే అబద్ధం చెప్పదు కదా, అదీ కార్లోనే ఉంటుంది."

ఆమె తల ఎత్తలేదు.

"ఎన్నింటికి అత్తయ్యా?" అని అడిగింది.